గుండు పెద్దదైతే గురి కుదురుతదా?

నిరుడు దసరా పోయిన వారం, రాత్రి పదకొండు దాటాక మా మేనల్లుడు ఫోన్ చేశాడు. వాడు ఒహాయోలో కొలంబస్ దగ్గర ఉంటాడు, పదిహేనేళ్లవుతోంది వెళ్లి. "మామా, రైఫిల్ కొంటున్న. మూడింట్ల ఏది తీసుకోవాల్నో నువ్వు చెప్పు" అన్నాడు. నవంబర్ చివర్లోనో డిసెంబర్ మొదట్లోనో అక్కడ జింకల సీజన్. వేట కోర్సు చేశాడు, లైసెన్సు తీసుకున్నాడు, ఆఫీసు దోస్తు ఒకాయన తన పొలం అంచున కూర్చోవడానికి ఒప్పుకున్నాడు. ఇక మిగిలింది తుపాకి. దాని దగ్గరే ఆగిపోయాడు. షాపులో ఒకరు, కాల్చడం సాధన చేసే రేంజ్‌లో ఒకరు, దోస్తులు తలా ఒకరు, అందరూ ఒకే మాట చెప్పారట: "పెద్దది కొను. పెద్ద గుండు అయితే ఎక్కడ తగిలినా జింక అక్కడే కూలుతుంది."

నేను హనుమకొండలో ఉంటాను. తుపాకి నా చేతిలో పట్టి యాభై ఏళ్లు దాటింది. అయినా వాడు నన్నే అడిగాడంటే కారణం మా తాత. మా ఇంట్లో అడవి గురించి, గుండు గురించి మాట వస్తే ఇప్పటికీ తాత దగ్గరికే పోతుంది. ఆ రాత్రి వాడికి అరగంటలో చెప్పలేకపోయిన మాటలు చాలా ఉన్నాయి, అందుకే ఇది రాస్తున్నాను. నా మాట ముందే చెప్పేస్తాను. వాడు అడిగిన మూడింటిలో అన్నిటికన్నా చిన్నది తీసుకోమన్నాను. "ఎక్కడ తగిలినా" అనే మాట నమ్మి కొన్న తుపాకి ఏదైనా సరే, అది వేటగాడి చేతిలో ఉండకూడదని నా గట్టి నమ్మకం.

ఒక సంగతి స్పష్టంగా ఉండాలి. మన దగ్గర వేట నేరం. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, 1991 సవరణతో లైసెన్సు తీసుకుని వేటాడే దారి కూడా మూసుకుపోయింది. అది మంచి పని. ఈ రోజు పాకాల, ఏటూరునాగారం, తాడ్వాయి అడవుల్లో చుక్కల దుప్పి కనపడుతోందంటే ఆ చట్టం చలవే. ఒహాయో కథ వేరు. అక్కడ విచ్చలవిడిగా వేటాడి 1904 నాటికి రాష్ట్రంలో తెల్లతోక జింకే లేకుండా చేసుకున్నారు. తర్వాత బయటి నుంచి తెచ్చి వదిలి, దశాబ్దాలు కాపాడి పెంచారు. వాటిని తినే తోడేళ్లు మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు మక్క చేలల్లో, రోడ్ల మీద ఎక్కడ చూసినా జింకలే. అందుకని ఏటా ఇన్ని రోజులు, ఇన్ని జింకలు అని లెక్క కట్టి వేటకు అనుమతిస్తారు. కొట్టిన ప్రతి జింకనూ లెక్క చెప్పాలి. మా వాడు ఒక్కటి కొట్టి, ఆ మాంసం ఫ్రీజర్‌లో పెట్టుకుని చలికాలమంతా తింటాడు. దాని మీద నాకు అభ్యంతరం లేదు.

ఇక తూటాల సంగతి. తూటా, గుండు ఒకటి కావు. ఇత్తడి గుల్ల, దాని అడుగున నిప్పు రాజేసే క్యాప్, లోపల తుపాకిమందు, మూతిలో గుండు, ఇవన్నీ కలిస్తే తూటా. గొట్టంలోంచి దూసుకుపోయేది గుండు. ఒహాయోలో ఒకప్పుడు జింకల సీజన్‌కి పన్నెండు బోర్ లాంటి షాట్‌గన్‌లో ఒకే ముద్ద గుండు వేసి కొట్టేవాళ్లే ఎక్కువ, ఇప్పటి రకం రైఫిల్ పనికిరాదు. 2014 నుంచి రైఫిళ్లను రానిచ్చారు, కానీ ఒక షరతు పెట్టారు. తూటా గుల్ల మెడ దగ్గర సన్నబడకూడదు, చుట్ట లాగా నిటారుగా ఉండాలి. సీసా మెడ ఉన్న తూటాల్లో మందు ఎక్కువ, గుండు సన్నం, అది చాలా దూరం పోతుంది. నిటారు గుల్లలో నుంచి వెళ్లే లావు గుండు తొందరగా నేలకు దిగుతుంది. చదును నేల, చేను దాటితే ఇల్లు, ఇల్లు దాటితే బడి. అలాంటి చోట ఈ షరతు అర్థమవుతుంది. అమెరికాలో తరతరాలుగా జింకల వేటకు వాడుతున్న .30-30 కూడా, 1895 నాటిది, సీసా మెడ ఉండటం వల్ల అక్కడ చెల్లదు.

అట్లా మా వాడి ముందు మూడు మిగిలాయి. ఒకటి .45-70 గవర్నమెంట్. అమెరికా సైన్యం 1873లో తీసుకున్న తూటా. పేరులోనే లెక్క ఉంది, పాయింట్ నలభై అయిదు అంగుళాల గుండు, డెబ్బయి గ్రెయిన్ల (అక్కడి చిన్న తూకం) నల్లమందు. రెండోది .450 బుష్‌మాస్టర్. లావులో దాదాపు అంతే, కానీ ఈ శతాబ్దంలో వచ్చిన తూటా. మూడోది 2019లో వించెస్టర్ తెచ్చిన .350 లెజెండ్, దాని గుండు మందం తొమ్మిది మిల్లీమీటర్లు. ఇది ఇలాంటి రాష్ట్రాల కోసమే పుట్టిందని చెప్పొచ్చు.

గుండు బరువును వాళ్లు గ్రెయిన్లలో చెబుతారు. నేను తులాల్లోకి మార్చుకుంటే తప్ప నాకు చేతికి తెలియదు. పది గ్రాముల తులం లెక్కన, .350 లెజెండ్‌లో మామూలుగా వాడే 150 గ్రెయిన్ల గుండు తులానికి కొంచెం తక్కువ. .450 బుష్‌మాస్టర్‌లో 250 గ్రెయిన్లు, అంటే తులంన్నర దాటింది. .45-70లో పాత 405 గ్రెయిన్ల గుండు రెండున్నర తులాల పైమాటే. వేగం చూస్తే వరస తిరగబడుతుంది. లెజెండ్ సెకనుకు 2,300 అడుగుల పైన, బుష్‌మాస్టర్ 2,200 దగ్గర, పాత .45-70 మాత్రం 1,330 అడుగులే. ఈ మధ్య .45-70లో 325 గ్రెయిన్ల మొనదేలిన గుండు వేసి 2,050 దాకా తెస్తున్నారు. ఆ మొన రబ్బరులా మెత్తగా ఉంటుంది, ఎందుకంటే లివర్ రైఫిల్‌లో, అంటే ట్రిగ్గర్ దగ్గరి పిడిని ఆడించి తూటా ఎక్కించే రకంలో, తూటాలు నల్లీ కింద ఉండే వేరే గొట్టంలో ఒకదాని వెనక ఒకటి వరుసగా పడుకుంటాయి, గట్టి మొన ముందున్న తూటా క్యాప్‌ను పొడిస్తే లోపలే పేలుతుంది.

ఈ పెద్దా చిన్నా గొడవ కొత్తది కాదు. వేట రాతల్లో ఎల్మర్ కీత్, జాక్ ఓకానర్ అని ఇద్దరు జీవితమంతా ఈ విషయం మీదే వాదించుకున్నారు. కీత్ బరువు, లావు వైపు. ఓకానర్ 1925లో వచ్చిన .270 వైపు, సన్నది, వేగమైనది. ఇద్దరూ వందల జంతువులను కొట్టిన వాళ్లే, ఇద్దరి దగ్గరా రుజువులున్నాయి. మామూలుగా పెద్ద గుండు వాళ్లు చెప్పే మాటల్లో నిజం కొంత ఉందని నేనూ ఒప్పుకుంటాను. లావు గుండు విచ్చుకోకపోయినా దాని రంధ్రం దానికుంటుంది. నెమ్మదిగా పోయే బరువు గుండు మాంసాన్ని అంతగా పాడు చేయదు. వేగమైన సన్న గుండు భుజానికి తగిలితే చుట్టూ జానెడు మేర నెత్తురు గడ్డకట్టి, ఆ ముక్కంతా పారేయాల్సి వస్తుంది. బరువు గుండు రెండో పక్క నుంచి కూడా బయటికి వస్తుంది, రెండు రంధ్రాలుంటే నేల మీద నెత్తుటి జాడ బాగా పడుతుంది, వెతకడం సులువు. ఇదంతా నిజం. కానీ పొదల్లోంచి కొడితే లావు గుండు కొమ్మల్ని తోసుకుంటూ సూటిగా పోతుందనే మాట మాత్రం నమ్మవద్దు. కొమ్మ తగిలితే ప్రతి గుండూ దారి తప్పుతుంది.

నాకు కోపం వచ్చేది ఆ "ఎక్కడ తగిలినా" దగ్గరే. దానికి కారణం చెప్పాలంటే 1970కి పోవాలి.

మాది నర్సంపేట నుంచి పాకాల వైపు పోయే దారిలో ఒక ఊరు. తాతకు పంట కాపలా కోసమని లైసెన్సు తుపాకి ఉండేది, పన్నెండు బోర్, రెండు నల్లీలది. నిజానికి బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పు, లెక్కన చూస్తే ఈ కథలో అన్నిటికన్నా లావు తుపాకి అదే, పద్దెనిమిది మిల్లీమీటర్ల పైన. అంత లావు గొట్టం చేతిలో ఉండీ, తాత నలభై అడుగులు దాటితే కొట్టేవాడు కాదు. జొన్న చేలో మంచె మీద రాత్రంతా కూర్చుని, పంది దగ్గరికొచ్చి పక్కకు తిరిగే దాకా చూసి, తిరగకపోతే డబ్బా కొట్టి తరిమేసి వచ్చిన రాత్రులే ఎక్కువ.

ఆ ఏడు ఇప్పపూలు రాలే రోజుల్లో దొర ఇంటికి హైదరాబాదు నుంచి ఒక చుట్టం వచ్చాడు. ఆయన దగ్గర .375 హెచ్ అండ్ హెచ్ రైఫిల్ ఉంది. 1912లో ఇంగ్లండ్‌లో పుట్టిన తూటా, ఆఫ్రికాలో అడవిదున్నలకు, సింహాలకు వాడతారు. అడవి చూపించమని తాతను పిలిచారు. నాకప్పుడు తొమ్మిదేళ్లు, తాత వెంట పోయాను. బయల్దేరే ముందు ఆ చుట్టం ఒక తూటా తీసి నా అరచేతిలో పెట్టాడు. నా వేలు కన్నా పొడుగు, కొస గుండ్రంగా, నున్నగా, చివరిదాకా మెరుస్తూ. సీసం ఎక్కడా కనపడలేదు. "ఇది ఏనుగును పడగొడుతుంది, ఇక దుప్పి ఎంత" అన్నాడు.

పొద్దుగూకే వేళకు ఇప్పచెట్ల కిందికి కణుజు వచ్చింది. సాంబార్ దుప్పిని మావైపు కణుజు అంటారు. పెద్ద మగది. పూలు ఏరుకుంటూ, తోక మావైపు పెట్టి, సగం ఏటవాలుగా నిలబడింది. తాత చెయ్యెత్తి ఆగమన్నాడు. ఆయన ఆగలేదు. ఆ చప్పుడుకు నా చెవులు గింగురుమన్నాయి. కణుజు వెన్ను విల్లులా వంచి, ఒక్క దూకు దూకి, పొదల్లోకి వెళ్లిపోయింది. "ఈడనే ఎక్కడో పడి ఉంటది" అని టార్చి వేసి కాసేపు వెతికారు. చీకటి పడింది. జీపు హనుమకొండ వెళ్లిపోయింది.

తెల్లారకముందే తాత లేచాడు. తనతో ఎప్పుడూ తిరిగే కోయ పెద్దాయన ఒకరు వచ్చారు. ముగ్గురం పోయాం. పొదల అవతల తునికాకు మీద ఒక మరక. నెత్తురు అని నాకు అనిపించలేదు, ఎరుపులో పచ్చదనం కలిసి, నారలాంటిదేదో అంటుకుని ఉంది. తాత ఆ ఆకు తెంపి నా ముక్కు దగ్గర పెట్టాడు. పేడ వాసన. "పొట్ట నెత్తురురా ఇది. ఊపిరితిత్తులకు తగిలితే గులాబి రంగు, నురగ నురగగ ఉంటది. నురగ కనపడ్డదంటే దగ్గర్లనే దొరుకుతది. పొట్టకు తగిలిందంటే అది ఎంత దూరం పోతదో దానికే తెల్వదు" అన్నాడు. అక్కడి నుంచి నెత్తురు చుక్క చుక్కగా, తర్వాత చుక్క కూడా లేకుండా పోయింది. కోయ పెద్దాయన గిట్టల గుర్తు పట్టుకుని నడిపించాడు. "నీళ్లకు పోతది" అని ఒక్క మాట అన్నాడు. పొట్టలో దెబ్బ తగిలిన జంతువు దాహంతో నీళ్ల దగ్గరికే పోతుంది.

బాగా పొద్దెక్కాక వాగులో దొరికింది. నీళ్లలో పడుకుని ఉంది, తల మాత్రం ఎత్తి. మమ్మల్ని చూసి లేవబోయి, ముందుకాళ్లు లేపి, మళ్లీ కూలబడింది. చెవులు మావైపే తిరిగాయి. తాత నన్ను వెనక్కి తిరగమన్నాడు. నేను తిరగలేదు. పన్నెండు బోర్‌తో దగ్గర నుంచి మెడ మీద కొట్టాడు. తర్వాత దాన్ని ఒడ్డుకు లాగి చూస్తే, గుండు లోపలికి పోయిన రంధ్రం చిటికెన వేలు పట్టేంత, బయటికి వచ్చిన రంధ్రమూ అంతే. రాత్రంతా, పద్నాలుగు గంటలు, ఆ రెండు రంధ్రాలతో అది బతికింది.

మధ్యాహ్నం దొర మనిషి వచ్చి కొమ్ములు అడిగాడు. పట్నం సారు తుపాకి ఏనుగుల్నే కొడుతుందట గదా, మరి ఇదెట్ల తప్పించుకున్నది అన్నాడు. తాత చేతులు కడుక్కుంటూ, "గుండు పెద్దదైతే గురి కుదురుతదా?" అన్నాడు. ఇంకేం మాట్లాడలేదు. మళ్లీ ఎవరికీ దారి చూపడానికి పోలేదు.

ఆ తూటా సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది. కొస దాకా లోహపు తొడుగు ఉన్న గుండు విచ్చుకోవడానికి చేసింది కాదు. ఏనుగు పుర్రె, దున్న భుజం ఎముక లాంటి వాటిని చీల్చుకుని లోపలి దాకా పోవాలని అట్లా చేస్తారు. దుప్పి పొట్ట లాంటి మెత్తని చోట అది సూదిలా దూరి సూదిలా బయటపడుతుంది. జింకలకు వాడే గుండుకు కొసలో సీసం బయటికి ఉంటుంది, లేదా బోలుగా ఉంటుంది. తగలగానే పుట్టగొడుగులా విచ్చుకుని, తన మందానికి రెండింతల దాకా అవుతుంది. విచ్చుకున్న తొమ్మిది మిల్లీమీటర్ల గుండు, విచ్చుకోని పదకొండు మిల్లీమీటర్ల గుండు కన్నా పెద్ద దారి చేస్తుంది. అందుకే తూటా పెట్టె మీద బోరు అంకె ఒక్కటే చూసి కొనేవాళ్లకు నేను చెప్పేది, ఆ గుండు ఎట్లా తయారైందో, ఏ జంతువు కోసం తయారైందో ముందు చూడండి అని. అదే ఆయన మెత్తని కొస గుండు వేసి ఉంటే కణుజు తొందరగా చచ్చేదా? కొంత తొందరగా, బహుశా. కానీ పొట్టకు తగిలిన దెబ్బ పొట్ట దెబ్బే.

జింక ఒంట్లో గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఎంత ఉంటుందో తెలుసా? జానెడు. ముందుకాలు వెనక, ఒంట్లో కింది సగంలో, జానెడు వెడల్పు జాగా. అందులో తొమ్మిది మిల్లీమీటర్ల గుండు పడితే జింక కొంత దూరం పరిగెత్తి పడిపోతుంది. పదకొండున్నర మిల్లీమీటర్లది పడినా ఇంచుమించు అంతే. ఆ రెండున్నర మిల్లీమీటర్ల తేడా జానెడు జాగాను మూరెడు చేయదు. ఆఫ్రికాలో బెల్ అనే వేటగాడు వెయ్యికి పైగా ఏనుగుల్ని చంపాడు, వాటిలో చాలా భాగం ఏడు మిల్లీమీటర్ల సన్న తూటాతోనే. అన్ని ఏనుగుల్ని చంపడం నాకు జీర్ణం కాని విషయం, దాన్ని మెచ్చుకోను. కానీ ఏనుగు పుర్రెను రంపంతో కోసి మెదడు ఎక్కడుంటుందో చూసుకున్న మనిషి అతను. మనుషుల్ని తినే పులుల్ని వేటాడిన జిమ్ కార్బెట్ చేతిలో ఉన్న రిగ్బీ రైఫిల్‌ది కూడా అదే ఏడు మిల్లీమీటర్ల తూటా.

ఇప్పుడు తన్ను సంగతి. తుపాకి పేలగానే వెనక్కి భుజాన్ని కొడుతుంది కదా, అది. మామూలు బరువున్న లివర్ రైఫిల్‌లో ఆ కొత్త 325 గ్రెయిన్ల .45-70 కొడితే, భుజానికి తగిలే దెబ్బ .30-30 కన్నా దాదాపు మూడింతలు. షాపులో ఈ మాట చెప్పరు. చెప్పినా కొత్తగా కొనేవాడు, నాలుగు రోజుల్లో అలవాటవుతుంది అనుకుంటాడు. అలవాటు అవుతుంది కూడా, కానీ తన్నుకు కాదు, భయానికి. ట్రిగ్గర్ నొక్కే ముందు కన్ను మూసుకుపోవడం, భుజం ముందుకు తోయడం, ఊపిరి బిగపట్టడం. ఇవి మనిషికి తెలియకుండానే జరుగుతాయి. నూరు గజాల దూరంలో, గొట్టం మూతి వెంట్రుకవాసి కదిలితే గుండు అంగుళాలు పక్కకు పోతుంది. జానెడు జాగాలో అంగుళాలు పోతే మిగిలేది పొట్ట.

దీనికి ఒక పరీక్ష ఉంది. రేంజ్‌లో పక్కనున్న మనిషి తుపాకిలో తూటా పెట్టాలి, కొన్నిసార్లు నిజం తూటా, కొన్నిసార్లు ఉత్త డమ్మీ. కొట్టేవాడికి ఏది పెట్టారో తెలియకూడదు. డమ్మీ మీద ట్రిగ్గర్ నొక్కినప్పుడు పేలుడు ఉండదు, తన్ను ఉండదు, అప్పుడు గొట్టం మూతి చూస్తే తెలిసిపోతుంది. మా వాడిని కొనకముందే ఇది చేసి చూడమన్నాను. రేంజ్‌లో అద్దెకు దొరికిన .45-70తో చేశాడు, వీడియో పంపాడు. మొదటి అయిదు నిజం తూటాలు. ఆరోది డమ్మీ. టక్ మని చిన్న శబ్దం, గొట్టం మూతి మాత్రం రెండు అంగుళాలు కిందికి ముంచుకుపోయింది. వాడి కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాయి. తర్వాత లెజెండ్‌తో చేసిన వీడియోలో డమ్మీ దగ్గర గొట్టం కదలలేదు. నాకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

దూరం సంగతి ఒక మాటలో. పాత 405 గ్రెయిన్ల .45-70ని నూరు గజాల దగ్గర గురి సరిచేసుకుంటే, రెండు నూర్ల గజాల దగ్గర గుండు రెండడుగుల కిందికి దిగిపోతుంది. జింక దూరం నూట యాభయ్యా, నూట ఎనభయ్యా అని తేల్చుకోలేని మనిషికి అది సరిపోతుంది కాలు విరగ్గొట్టడానికి. కొత్త తూటాల్లో ఈ దిగుడు తక్కువ. ఏదైనా సరే, నూట ఇరవై గజాలు దాటితే వద్దన్నాను.

పెద్ద గుండు అవసరమయ్యే చోటు లేదని నేను అనను. అలాస్కా ఎలుగుబంట్లు తిరిగే చోట, నాలుగైదు క్వింటాళ్ల దుప్పుల్ని కొట్టే చోట, జంతువు తిరిగి మనిషి మీదికి వచ్చే చోట బరువు గుండు చేతిలో ఉండటం న్యాయమే. ఏళ్ల తరబడి .45-70 వాడి, కన్ను మూయకుండా కొట్టగలిగిన వాళ్లు ఒహాయోలో ఎందరో ఉంటారు, వాళ్లకు నేను చెప్పాల్సింది ఏమీ లేదు. నేను మాట్లాడుతున్నది అరవై, డెబ్బయి కిలోల జింక కోసం, మొదటిసారి తుపాకి కొనే మనిషికి, నీకు సరిగ్గా కొట్టడం రాకపోయినా ఇది చూసుకుంటుంది అని చెప్పి పెద్దది అంటగట్టడం గురించి. ఆ మాటలో ఓపిక పట్టాల్సిన పని గుండుకు అప్పజెప్పేస్తున్నారు. దుప్పి పక్కకు తిరిగే దాకా ఆగడం వేటగాడి పని. తగిలాక చివరి దాకా వెతకడం కూడా వాడి పనే. జీపు ఎక్కి వెళ్లిపోయిన ఆ పట్నం సారు చెడ్డ మనిషి అయి ఉండకపోవచ్చు, తన గుండును నమ్మాడు అంతే.

ఆ నమ్మకం ఇంకా ముందుకు పోతే ఎక్కడ తేలుతుందో మన జిల్లాల్లో చూస్తున్నాం. మాకు తుపాకులు పోయి చాలా కాలమైంది. ఎనభైల్లో అన్నల (నక్సలైట్ల) కాలంలో లైసెన్సు తుపాకుల్ని స్టేషన్‌లో అప్పగించారు, తాతదీ అట్లానే పోయింది. ఇప్పుడు ములుగు, భూపాలపల్లి, ఆసిఫాబాద్ అడవుల్లో దుప్పిని దొంగతనంగా చంపేవాళ్లు ఎక్కువగా నమ్ముకున్నది కరెంటు తీగ. పదకొండు కేవీ లైనుకు కొక్కెం తగిలించి, జంతువులు నడిచే దారిలో మోకాలెత్తున తీగ లాగి, ఇంటికి పోయి పడుకుంటారు. దానికి గురి అక్కర్లేదు, మనిషి అక్కడ ఉండక్కర్లేదు. కడుపుతో ఉన్న దుప్పి తగిలినా, పులి తగిలినా, మేకల కాపరి తగిలినా దానికి ఒకటే. 2024 ఫిబ్రవరిలో కాటారం వైపు అడవిలో కూంబింగ్‌కు పోయిన గ్రేహౌండ్స్ కానిస్టేబుల్ ఒకాయన అలాంటి తీగకే ప్రాణం పోగొట్టుకున్నాడు. పంట పోతోందని తీగ పెట్టే రైతు బాధ నాకు తెలుసు. పందులు ఒక్క రాత్రిలో మక్క చేను తొక్కి పోతే ఆ ఇంట్లో ఏడాది ఎట్లా గడుస్తుందో చూశాను. పంట పాడు చేసే అడవిపందిని అనుమతి ఉన్న షూటర్లతో కొట్టించే దారి ప్రభుత్వం పెట్టింది కూడా. నాకు ఆ దారే న్యాయం. అక్కడ కనీసం ఒక మనిషి నిలబడి, చూసి, కొడతాడు, కొట్టినదానికి జవాబు చెబుతాడు.

మా వాడు .350 లెజెండ్ కొన్నాడు. .45-70 కన్నా తూటాలు చవక, మిగిలిన డబ్బు కూడా తూటాలకే పెట్టి, ఆరు వారాల పాటు ప్రతి శనివారం రేంజ్‌కి పోయాడు. సగం మంది దోస్తులు వాడిని చిన్న తుపాకి అని ఆటపట్టించారట.

సీజన్ రెండో రోజు పొద్దున ఫోన్ చేశాడు. నారింజ రంగు జాకెట్ వేసుకుని చెట్టు మీద నాలుగు గంటలు కూర్చున్నాడు, మంచు కురుస్తోంది. తొంభై గజాల దూరంలో మంచి మగ జింక వచ్చి, ఎదురుగా నిలబడి, పావుగంట మేసి, అట్లాగే వెనక్కి వెళ్లిపోయింది. "తిరగలేదు మామా" అన్నాడు. గొంతులో బాధ ఉంది. మంచి పని చేశావురా అన్నాను.

శనివారం రాత్రి మా దగ్గర నేను పడుకోబోతుండగా మెసేజ్ వచ్చింది. ఆడ జింక, అరవై గజాలు, పక్కకు తిరిగి ఉండగా కొట్టానని రాశాడు. కొట్టగానే కిందికి దిగకుండా అరగంట చెట్టు మీదే కూర్చున్నాడట. కింద ఫొటో ఉంది. జింక ఫొటో అనుకుని తెరిచాను. ఓక్ చెట్టు ఎండుటాకు, దాని మీద గులాబి రంగు నురగ, ఇంకా బుడగలు పోలేదు. దాని కింద, "నలభై అడుగులు పోయింది" అని రాశాడు.